వ్యాసంలో లేని పిల్ల

నేను రాసిన వ్యాసం ఒకటి విదేశీ జర్నల్లో అచ్చయింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నలుగురికీ తెలిసిన నా పని అదొక్కటే. కర్నూల్లో నేను పాఠాలు చెప్పే ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో, ప్రిన్సిపల్ గది బయట గోడకు, దాని మొదటి పేజీని ఫ్రేము కట్టించి తగిలించారు. రోజూ దాని ముందు నుంచే తరగతికి వెళ్ళాలి. అవతలి వైపు మెట్లున్నాయి గానీ వాటి గేటుకు ఎప్పుడూ తాళమే.

కళాశాలకు రాకముందు నేను ఓర్వకల్లు దగ్గర ఒక ఊళ్ళో, ఏడో తరగతి దాకా ఉన్న సర్కారు బడిలో సైన్సు టీచరుని. పుట్టి పెరిగింది కడపలో, బజారు వీధిలో. మాది కిరాణా అంగడి. వేరుశెనగ మా ఇంటికి గోనె బస్తాలో వచ్చేది. అది నేలలోకి ఎప్పుడు పోతుందో, ఎలా పైకొస్తుందో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలుసుకోవాల్సిన అవసరం కూడా ఎప్పుడూ పడలేదు.

ఆ ఏడాది తొలివాన పడిన మర్నాడు ఏడో తరగతికి వర్షపాతం పాఠం చెప్తున్నాను. ముందు రోజే పిల్లల చేత ప్లాస్టిక్ నీళ్ళ సీసా మెడ కోయించి, పక్కన స్కేలు అంటించి, బడి ముందర ఆరుబయట పెట్టించాను. పొద్దున్నే దాంట్లో నీళ్ళు చూసి పిల్లలు ఎగిరి గంతులేశారు. ఎన్ని మిల్లీమీటర్లో బోర్డు మీద రాస్తుండగా ఒకాయన గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. కాళ్ళకు మోకాళ్ళ దాకా ఎర్రమట్టి. రెండో వరసలో కూర్చున్న పిల్లకు తండ్రి. సీసాకు స్కేలు అంటించింది ఆ పిల్లే.

"మేడం, మా పాపను పంపించండి. పదునైండాది. ఇత్తనమెయ్యాల," అన్నాడు.

పదునంటే నాకు కత్తి పదునే తెలుసు. "పాఠం జరుగుతాందప్పా. వాన ఎంత పడిందో కొలుస్తాండాం. సాయంత్రం పంపిస్తాలే," అన్నాను.

ఆయన సీసా వైపు చూశాడు. "అది ఆకాశం ఎంత పోసిందో చెప్తాది మేడం. నేల ఎంత తాగిందో యాడ చెప్తాది?"

అని, వాకిట్లోనే గొంతుక్కూర్చుని, చేత్తో మట్టి తవ్వడం మొదలుపెట్టాడు. పిల్లలంతా తరగతి వదిలి ఆయన చుట్టూ మూగారు. నేనూ వెళ్ళాను. గుంత పక్కన వేలు పెట్టి చూపించాడు. పైన ముదురు ఎరుపు, కింద పొడి ఎరుపు, మధ్యన గీత గీసినట్టు అంచు.

"ఈడిదాంకా తడి. కిందంతా పొడి. జానెడు గూడా ల్యా. ఈడ నేల గట్టిది, నీళ్ళు జారిపోయినాయి. మా చేన్లో మూరెడు పదునుండాది. మూడు దినాలైతే ఆరిపోతాది. మల్లా వాన యాపొద్దొస్తాదో ఎవురికి తెలుసు?"

ఒకే ఊళ్ళో ఒకే రాత్రి కురిసిన వాన బడి వాకిట్లో జానెడు కంటే తక్కువ, చేన్లో మూరెడు. నా పాఠ్యపుస్తకంలో ఈ సంగతి లేదు. కొత్త సంగతి దొరికిందని సంబరపడ్డాను. పిల్లలందరి చేతా ఆ గుంతలో వేలు పెట్టించాను. ఆయన లేచి చేతులు దులుపుకుని, "పాపా, రా," అన్నాడు. ఆ పిల్ల నా వైపు చూసింది. నేను ఆ సంతోషంలోనే "పో పో" అన్నాను. సంచి బెంచీ మీదే వదిలేసి వెళ్ళింది.

విత్తనం పని ముగిసి ఆ పిల్ల మళ్ళీ బడికి రావడానికి రెండు వారాలు పట్టింది. తర్వాత కలుపుకు వెళ్ళింది, ఆ తర్వాత వేరుశెనగ బుడ్డలు పీకడానికి వెళ్ళింది. ప్రతిసారీ ఆ తండ్రి వచ్చి మర్యాదగా అడిగేవాడు, ప్రతిసారీ నేను పంపించేదాన్ని. ఏడో తరగతి పూర్తయ్యాక పక్క ఊరి హైస్కూల్లో చేరిందిగానీ ఏడాది తిరక్కుండానే మానేసిందని విన్నాను. ఆ మాట నా చెవిన పడేసరికి ఏళ్ళు గడిచాయి, నేను పీహెచ్‌డీ చేసి కర్నూలుకు వచ్చేశాను.

కళాశాలలో చేరిన కొత్తల్లో, వేర్వేరు దేశాల టీచర్లు పాఠ్యప్రణాళికల గురించి ఆన్‌లైన్లో మాట్లాడుకునే ఒక సమావేశంలో కూర్చున్నాను. మనిషికి రెండు నిమిషాలు ఇచ్చారు. నేను ఆ గుంత సంగతి చెప్పాను. నాకొచ్చిన ఇంగ్లీషులో. ఆ రెండు నిమిషాల్లో ఆ పిల్లకు చోటు దొరకలేదు. సమావేశం అయిపోయాక ఒక పెద్దావిడ నుంచి మెయిలొచ్చింది. ఎక్కడో చలిదేశంలో ప్రొఫెసరు, ఒక జర్నల్‌కు సంపాదకురాలు. 'మీరు చెప్పింది వ్యాసంగా రాస్తారా? స్థానిక జ్ఞానం, పాఠ్యప్రణాళిక మీద మా ప్రత్యేక సంచికలో వేస్తాం' అని. ఆ మెయిలును ఎన్నిసార్లు చదివానో చెప్పలేను. కడపలో మా అన్నకు ఫోన్ చేసి, తర్జుమా చేసి మరీ వినిపించాను.

మొదటి ప్రతిలో ఆ పిల్ల ఉంది. ఒక్క వాక్యం. 'తర్వాత ఆయన తన కూతుర్ని పొలానికి తీసుకుపోయాడు' అని. వ్యాసం ఇద్దరు సమీక్షకుల దగ్గరికి వెళ్ళింది. వాళ్ళెవరో నాకు తెలియదు, నేనెవరో వాళ్ళకు తెలియదు. పద్ధతి అది. మూడు నెలల తర్వాత జవాబులొచ్చాయి. ఒకరు ఇలా రాశారు: ఈ వాక్యం బాలకార్మికుల సమస్యను లేవనెత్తుతోంది, దాన్ని విడిగా చర్చించండి, లేదంటే తొలగించండి, ఇప్పుడున్నట్టుంటే వాదన పక్కదారి పడుతోంది. రెండో వారు అడిగారు: ఇది ఒక్కసారి జరిగిన ఘటనా, లేక ఆ పాఠశాలలో ఆనవాయితీనా? ఒక్కసారే అయితే దీనికి పరిశోధన విలువ ఏమిటి?

ఆ ప్రశ్నల ముందు నేను చాలా రోజులు కూర్చున్నాను. విడిగా చర్చిస్తే పేజీలు దాటిపోతాయి. ఒక్కసారే అని ఒప్పుకుంటే వ్యాసమే పోతుంది. ప్రిన్సిపల్ సార్ అప్పటికే రెండుసార్లు అడిగారు, "ఏమైంది మేడం మన ఫారిన్ పేపరు?" అని. చివరికి నేను చేసినవి చాలా చిన్న మార్పులు. ఆ పిల్ల ఉన్న వాక్యం తీసేశాను. 'రైతు వచ్చాడు' అన్నచోట 'రైతులను ఆహ్వానిస్తారు' అని మార్చాను. 'ఆ రోజు' అన్నచోట 'ఏటా తొలివానకు' అని పెట్టాను. పది నిమిషాల పని. పంపించాక హాయిగా కూడా అనిపించింది. అబద్ధమాడినట్టు అనిపించలేదు, ఇంగ్లీషు దిద్దుకున్నట్టు అనిపించింది.

వ్యాసం అచ్చయింది. మా కళాశాలకు ఆ జర్నల్ చందా లేదు కాబట్టి నా వ్యాసాన్ని నేనే తెరవలేకపోయాను. సంపాదకురాలే దయతలచి ఒక ప్రతి పంపింది. దాన్నుంచి తీసిందే గోడ మీది పేజీ.

తర్వాత ఏం జరుగుతుందో నేను ఊహించలేదు. ఎవరో తెలియని వాళ్ళు నా వ్యాసాన్ని తమ వ్యాసాల్లో ఉదహరించడం మొదలైంది. 'దక్షిణ భారతంలోని ఒక మెట్ట గ్రామంలో రైతులు ఏటా పాఠశాలకు వచ్చి...' అంటూ. నేను 'ఏటా' అన్నదాన్ని ఒకరు 'తరతరాలుగా' అన్నారు. చదివి నవ్వాను. తర్వాత నవ్వు రాలేదు.

రెండేళ్ళకు ఆ ప్రొఫెసరే స్వయంగా వస్తానని రాసింది. ఆ ఊరు చూడాలట, ఆ రైతులతో మాట్లాడాలట. వద్దనడానికి ఏ కారణం చెప్పాలో తోచలేదు. వానల్లో రమ్మందామంటే ఆమెకు మాఘమాసంలోనే సెలవు.

హైదరాబాదు నుంచి కారులో వచ్చి, కర్నూల్లో నన్ను ఎక్కించుకుంది. తల నెరిసిన, మెత్తగా మాట్లాడే మనిషి. "నమస్కారం" అనడం నేర్చుకుని వచ్చింది. ఓర్వకల్లు దాటుతుండగా అక్కడి రాతికొండల దగ్గర కారు ఆపించి, వాటిని చాలాసేపు చూసింది. అహంకారం ఉన్న మనిషైనా బాగుండేదని నాకు దారి పొడుగునా అనిపించింది.

బడికి చేరేసరికి హెడ్మాస్టరు, పాపం మంచి ఉద్దేశంతోనే, ట్యాంకరు నీళ్ళతో వాకిలంతా తడిపించి ఉంచారు. ఆ తండ్రి అప్పటికే వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ముసలివాడయ్యాడు, దగ్గు పట్టుకుంది. ఆయన్ని స్కూటీ మీద తీసుకొచ్చింది కూతురు. ఓర్వకల్లు ఎయిర్‌పోర్టు దగ్గర ఏదో కంపెనీలో ప్యాకింగు పని చేస్తోంది. మెడలో కార్డు వేలాడుతోంది. పనికి అటునుంచే పోవాలట. నన్ను చూసి, "బాగుండారా మేడం?" అని చేతులు పట్టుకుంది.

నా మాట కాదనలేక ఆ తండ్రి వాకిట్లో కూర్చుని తవ్వాడు. మట్టి పిడికెడు తీసి నలిపి, నా వైపు చూసి, "ఇది పదును గాదు మేడం. తడి. మాగమాసంలో పదును యాడిది?" అన్నాడు.

ఆయన ఏమన్నాడని ప్రొఫెసరు అడిగింది. విత్తనం మొలిపించే పదునుకూ వట్టి తడికీ తేడా చెప్తున్నాడన్నాను. అది నిజమే. ఆమె ముఖం వెలిగిపోయింది, గబగబా రాసుకుంది. తర్వాత, మొదటిసారి బడిలో పాఠం చెప్పినప్పుడు ఆయనకు ఎలా అనిపించిందో అడగమంది. అడిగాను. ఆయనకు నా ప్రశ్న అర్థం కానట్టుంది, కూతురి వైపు చూశాడు.

కూతురు నవ్వింది. "మా నాయన పాఠం చెప్పనీకి రాల్యా మేడం. నన్ను పిల్చుకపోనీకి వచ్చినాడు. మీరే పంపిస్తిరి గదా, పో పో అని." ఆ మాటల్లో కోపం లేదు. పాత సంగతి గుర్తు చేసుకున్న మనిషి నవ్వు అది.

ప్రొఫెసరు పెన్ను పట్టుకుని నా నోటి వైపు చూస్తోంది. హెడ్మాస్టరు చూస్తున్నారు. మా కళాశాల నుంచి ఫోటోలు తీయడానికొచ్చిన మా సహోద్యోగి చూస్తోంది.

"ఆ రోజు ఈమెకు బాగా గుర్తుందట," అన్నాను ఇంగ్లీషులో.

ఆమె అది కూడా రాసుకుంది.

తిరుగు ప్రయాణంలో ఆవిడ నా చేయి పట్టుకుని, ఈ ఊరు తనకెంతో నేర్పిందని చెప్పింది. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. మాట్లాడటానికి గంట సమయం దొరికింది, కారులో మేమిద్దరమే, డ్రైవరుకు ఇంగ్లీషు రాదు. చెప్పలేదు. 

ఆవిడ వెళ్ళిపోయాక రాశాను. ఎన్నో చిత్తుప్రతుల తర్వాత ఒక మెయిలు. ఆ రైతు ఒక్కడే, వచ్చింది ఒక్కసారే, వచ్చింది కూతుర్ని తీసుకుపోవడానికి, మీరు వచ్చిన రోజు ఆ కూతురు చెప్పింది ఇది, నేను తర్జుమా చేసింది అది, అని. జవాబు వారానికి వచ్చింది. ప్రేమగా ఉంది. నా నిజాయితీని మెచ్చుకుంది. కథనాన్ని కుదించేటప్పుడు ఇలాంటివి జరుగుతాయనీ, నా వ్యాసంలోని మూలవాదన దీనివల్ల చెదరదనీ, అయినా నాకు కావాలంటే సవరణ ప్రకటించే పద్ధతి ఉందనీ రాసింది. ఒక ఫారం జతచేసింది. దాని మీద నాతోపాటు మా సంస్థ అధిపతి సంతకం కూడా ఉండాలి.

ఫారం తీసుకుని ప్రిన్సిపల్ సార్ దగ్గరికి వెళ్ళాను. ఆయన మొదటి గడి చదివారు.

"తప్పు స్వభావం... ఇదేంది మేడం? వచ్చే నెల తనిఖీకి వస్తాండారు. దీని కింద నన్ను సంతకం పెట్టమంటారా?"

"తప్పు జరిగింది సార్."

"సరే. నేలలో పదును అనేది ఉండాదా, ల్యాదా?"

"ఉంది సార్."

"చేత్తో తవ్వి చూసేది నిజమా, కాదా?"

"నిజమే సార్."

"ఇంక తప్పేముండాది? పోయి క్లాసు చూసుకోండి మేడం." ఫారాన్ని సొరుగులో పెట్టారు. చింపలేదు. అడిగినప్పుడల్లా చూద్దామంటారు.

ఈలోగా మా వైపు టీచర్ల శిక్షణ కోసం ఒక సంస్థ తయారుచేసిన చేతిపుస్తకంలో నా వ్యాసం పాఠమై కూర్చుంది. విదేశాల్లో మెచ్చిన మన పద్ధతి అని ముందుమాట. తలపాగా చుట్టుకున్న తాత నవ్వుతూ తవ్వుతుంటే, చుట్టూ యూనిఫాం వేసుకున్న పిల్లలు చప్పట్లు కొడుతున్న బొమ్మ. కింద సూచన: తొలివాన పడగానే రైతును బడికి ఆహ్వానించండి, పిల్లలందరూ హాజరయ్యేలా చూడండి. తొలివాన తర్వాత ఏ రైతుకు బడికి రావడానికి తీరిక ఉంటుంది? ఆ వారం ఏ పిల్లలు హాజరవుతారు? చదివి పుస్తకం మూసేశాను. లోపలి అట్ట మీద, శిక్షణ ఇచ్చే రిసోర్స్ పర్సన్ల జాబితాలో నా పేరు మొదటిది.

ఇక ఎవరి సంతకమూ లేకుండా, నా అంతట నేనే ఎక్కడైనా బహిరంగంగా రాసేద్దామనుకున్నాను. ఉద్యోగం సంగతి తర్వాత చూసుకోవచ్చు. కానీ అందులో ఆ పిల్ల జీవితం ఉంది కాబట్టి ముందు ఆమెను అడగాలి కదా. బస్సెక్కి ఆ ఊరికి వెళ్ళాను. తండ్రి చనిపోయి నాలుగు నెలలైందని అక్కడే తెలిసింది. గోడకు ఫోటో, దండ. ఆయన బడి వాకిట్లో కూర్చుని తవ్వుతున్న ఫోటో అది. మా సహోద్యోగి తీసింది. హెడ్మాస్టరు ద్వారా వాళ్ళకు చేరిందట.

కూతురు టీ ఇచ్చింది. వచ్చిన పని చెప్పాను. అంతా విన్నది.

"మీ పుస్తకంలో మా నాయన ఏమని ఉండాడు మేడం?"

"బడికొచ్చి పిల్లలకు పాఠం చెప్పినాడని."

"మంచిగానే ఉండాడు గదా?"

"ఉండాడు."

"ఇప్పుడేమని రాస్తారు? కూతుర్ని బడి మాన్పించినాడనా?" గ్లాసు కింద పెట్టింది. "కూలోల్లకియ్యనీకి దుడ్లు లేకుండె మేడం. అమ్మకు ఒంట్లో బాగుండకపాయె. ఇంగెవురున్నారు నేను గాక? అదంతా రాస్తారా మీరు? రాసినా ఆ దేశమోల్లు సదువుతారా? మా పాప ఒకటో తరగతి. మా తాత బడిలో పాఠం చెప్పినాడని అందరికీ చెప్పుకుంటాండాది. ఉండనీండి."

"మరి నీ సంగతి?"

"నా సంగతి మీకు తెలుసు, నాకు తెలుసు. సాల్దా?"

చాలదు. కానీ చాలదని చెప్పే హక్కు నాకు లేదు. ఆ పొద్దు పంపించింది నేను, వ్యాసంలోంచి తీసేసింది నేను. ఇప్పుడు ఆమె ఇష్టానికి వ్యతిరేకంగా మళ్ళీ తెచ్చి పెట్టేదీ నేనేనా? లేచాను. బస్టాపు దాకా స్కూటీ మీద దించింది. బస్సు వచ్చేదాకా ఉండి, నన్ను ఎక్కించి పోయింది.

అందుకే ఇక్కడ ఎవరి పేరూ రాయడం లేదు, ఊరి పేరూ రాయడం లేదు. ఇలా రాయడం కూడా ఆమెకిచ్చిన మాట తప్పడమే అవుతుందేమో నాకు తెలియదు. మాట అయితే నేను ఇవ్వలేదు. తలూపానంతే.

మొన్న కడపలో శిక్షణ జరిగింది. నన్ను పంపారు. మా అన్న ఇంట్లో దిగి, పొద్దున్నే వెళ్ళాను. హాలు నిండా టీచర్లు, చేతుల్లో ఆ పుస్తకం. పాఠం వచ్చింది. నేను పుస్తకం పక్కన పెట్టి, ఇది జరిగింది ఇలా కాదు అని మొదలుపెట్టి, ఊరూ పేరూ లేకుండా మొత్తం చెప్పాను. ఎవరూ ఉలిక్కిపడలేదు. కొందరు రాసుకున్నారు. ఒకాయన "చర్చనీయాంశం" అని పైన రాసి కింద గీత గీయడం కనిపించింది.

వెనక వరసలోంచి ఒకామె లేచింది. ఎర్రగుంట్ల పక్క బడిలో పనిచేస్తోంది.

"మేడం, అయితే ఆ పాపను పంపించాల్నా, వద్దా?"

"నేను పంపించినాను," అన్నాను.

"అది చెప్పినారు. పంపించాల్నా, వద్దా అని అడుగుతాండా."

నిర్వాహకుడు గడియారం చూసి టీకి లేవమన్నాడు. హాలు ఖాళీ అయింది. ఆమె కప్పు పట్టుకుని నా దగ్గరికే వచ్చింది.

"ఈ వారం మా బళ్ళో ఆరుగురు ఆడపిల్లోళ్ళు రాలేదు మేడం. పత్తి ఏరేదానికి పోయినారు. వచ్చినట్టు వేసేయమంటాండారు మా సారు. పెన్సిల్‌తో చుక్క పెట్టి వచ్చినా. రిజిస్టర్లో ఏమని వేయాల?"

"రాలేదనే వేయండి," అన్నాను.

"వేస్తే పైనుంచి అడుగుతారు మేడం."

"అడుగుతారు."

ఆమె ఇంకేమైనా చెప్తానేమోనని కాసేపు నిలబడింది. లోపలి నుంచి పిలుపు వచ్చింది. తర్వాతి పాఠం కూడా నాదే. పుస్తకం తీసుకుని లోపలికి వెళ్ళాను.